అమెరికాలో ఈఆర్ టెక్నీషియన్ ఉద్యోగం: గంటకు ఎంతిస్తారు, ఏమేం చేయిస్తారు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హెచ్4 ఈఏడీ (హెచ్1 వీసా మీద ఉన్నవారి భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి కార్డు) చేతికొచ్చింది, ఇండియాలో బీఎస్సీ మైక్రోబయాలజీ చేశారు, బాబు బడికి వెళ్తున్నాడు, ఆస్పత్రి రంగంలోకి రావాలని ఉంది. ఈఆర్ (ఎమర్జెన్సీ రూమ్, అంటే అత్యవసర విభాగం) టెక్నీషియన్‌కి జీతం ఎంత, షిఫ్టంతా ఏం చేయిస్తారు, తర్వాత నర్సింగ్‌కి ఇది దారి అవుతుందా, రక్తం చూస్తే కళ్లు తిరిగే మనిషికి కుదురుతుందా అని అడిగారు. నేను టెక్సస్‌లో చాలా ఏళ్లు ఈఆర్ టెక్‌గా చేసి, ఇప్పుడు ఈఆర్‌లోనే నర్సుగా ఉన్నాను. కొత్తగా చేరే టెక్‌లకు పని నేర్పే బాధ్యత కూడా నా మీదే పడుతుంటుంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు సూటి సమాధానం. చాలా చోట్ల గంటకు 17 నుంచి 25 డాలర్ల మధ్య ఉంటుంది. దక్షిణాది రాష్ట్రాల్లో, చిన్న ఊళ్లలో కింది అంచుకు దగ్గరగా, పశ్చిమ తీరంలో పై అంచు దాటి. ఒక్క సంపాదనతో ఇల్లు నడిచే జీతం కాదిది. నర్సింగ్‌కో, ఫిజీషియన్ అసిస్టెంట్ (డాక్టర్‌తో కలిసి పేషెంట్లను చూసి వైద్యం చేసేవాళ్లు) కోర్సుకో వెళ్లాలనుకునేవాళ్లకు మాత్రం ఒకటి రెండేళ్లు చేయదగ్గ పని. జీవితాంతం టెక్‌గానే ఉంటానంటే నేను వద్దంటాను, నడుము ముందు మొరాయిస్తుంది, జీతం తర్వాత.

గంటకు ఇంత అన్న అంకె చూసి ఏడాదికి లెక్కేసుకునేటప్పుడు చాలామంది 40 గంటల వారం అనుకుని గుణిస్తారు. ఈఆర్‌లో ఫుల్‌టైమ్ అంటే ఎక్కువ చోట్ల వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు, అంటే 36 గంటలు. గంటకు 20 డాలర్లయితే ఏడాదికి 37,440 వస్తుంది, అదీ పన్నులకు ముందు. పోల్చుకోవడానికి, బ్యూరో ఆఫ్ లేబర్ స్టాటిస్టిక్స్ 2024 మే లెక్కల్లో ఈఎంటీల (అంబులెన్స్‌లో అత్యవసర చికిత్స చేసేవాళ్ల) మధ్యస్థ వార్షిక జీతం 41,340 డాలర్లు, నర్సింగ్ అసిస్టెంట్లది 39,530. టెక్ జీతం ఈ రెండింటి చుట్టుపక్కలే తిరుగుతుంది. అదే లెక్కల్లో రిజిస్టర్డ్ నర్సుది 93,600. మా డిపార్ట్‌మెంట్‌లో టెక్‌లు సగం మంది ఏదో ఒక నర్సింగ్ స్కూల్లో ఎందుకు ఉంటారో ఆ అంకె చూస్తే అర్థమవుతుంది.

మీరుండే రాష్ట్రాన్ని బట్టి చాలా మారుతుంది. కాలిఫోర్నియాలో ఆరోగ్య రంగానికి విడిగా కనీస వేతన చట్టం ఉంది: పది వేలకు పైగా ఉద్యోగులున్న పెద్ద సంస్థల్లో 2024 అక్టోబర్ 16 నుంచి గంటకు 23 డాలర్లు, 2025 జులై 1 నుంచి 24, 2026 జులై 1 నుంచి 25. టెక్సస్‌లో అలాంటిదేమీ లేదు, కనీస వేతనం ఇంకా ఫెడరల్ 7.25 దగ్గరే ఉంది, మిగతాదంతా ఆస్పత్రి ఇష్టం. అలాగని కాలిఫోర్నియా అంకె చూసి ఆశపడకండి, అక్కడ ఇంటద్దె సంగతి నేను చెప్పక్కర్లేదు.

మూల జీతం మీద కలిసేవి ఇంకొన్ని ఉంటాయి, ఇంటర్వ్యూలో వీటి గురించి అడగడానికి మొహమాటపడకండి. రాత్రి షిఫ్టుకు, శనాదివారాలకు గంటకు రెండు మూడు డాలర్లు అదనంగా ఇవ్వడం మామూలే. మూడు డాలర్ల నైట్ డిఫరెన్షియల్ అంటే ఏడాదికి 5,600 పైమాటే, తక్కువేం కాదు. వారం లెక్కన ఓవర్‌టైమ్ కట్టే చోట నాలుగో షిఫ్టు చేస్తే పన్నెండు గంటలూ ఒకటిన్నర రెట్లు రాదు, 40 గంటలు దాటిన ఎనిమిదింటికే వస్తుంది, మొదటి నాలుగూ మామూలు రేటే. కొన్ని ఆస్పత్రులు రోజుకు 8 గంటలు లేదా రెండు వారాలకు 80 గంటలు దాటితే ఓవర్‌టైమ్ అనే ఇంకో పద్ధతి పాటిస్తాయి, చట్టం దానికీ ఒప్పుకుంటుంది కాబట్టి మీ చోట ఏదో కనుక్కోండి. భోజనానికి అరగంట జీతం లేకుండా ఆటోమేటిక్‌గా కోస్తారు. ఈఆర్‌లో ఆ అరగంట దొరకని రోజులు బోలెడు, ఆ రోజు భోజనం చేయలేదని టైమ్‌కార్డులో నమోదు చేయాలి. ఇది మన హక్కు. నేను మొదట పనిచేసిన చోట ఈ మాట ఎవరూ చెప్పేవాళ్లు కాదు. అడిగిన వాళ్లకు ఇచ్చేవాళ్లు, అడగని వాళ్లది పోయేది.

పీఆర్‌ఎన్ అని ఇంకో రకం ఉంటుంది, అంటే పిలిచినప్పుడు వచ్చి చేసేది. గంటకు కాస్త ఎక్కువిస్తారు, కానీ ఇన్సూరెన్స్, సెలవులు ఉండవు. మీవారి కంపెనీ ఇన్సూరెన్స్‌లో మీరూ ఉన్నారనుకుంటాను కాబట్టి మీకు ఇది పనికొస్తుంది, బాబు ఉన్నాడు కూడా. ఒక్కటే ఇబ్బంది, కొత్తవాళ్లను నేరుగా పీఆర్‌ఎన్‌గా తీసుకోవడానికి చాలామంది మేనేజర్లు ఇష్టపడరు.

ఇంకొక్క అంకె చెప్పి పనిలోకి వెళ్దాం. యజమాని మన చదువుకు కట్టే ఫీజులో ఏడాదికి 5,250 డాలర్ల దాకా ఫెడరల్ పన్ను పడదు. అందుకే చాలా ఆస్పత్రుల ట్యూషన్ సాయం సరిగ్గా ఆ అంకె దగ్గరే ఆగుతుంది. కమ్యూనిటీ కాలేజీలో నర్సింగ్ చేసేవాళ్లకు ఇది ఫీజులో పెద్ద భాగమే తీర్చేస్తుంది. గంటకు ఒక డాలర్ తక్కువైనా ట్యూషన్ సాయం ఉన్న ఆస్పత్రే మీలాంటి వారికి మేలు. చదువు అయ్యాక ఎన్నాళ్లు అక్కడే పనిచేయాలని రాయించుకుంటారో మాత్రం సంతకానికి ముందే చదవండి.

ఇక పని. అసలు విషయం ఇక్కడే ఉంది, అందరూ జీతం గురించి అడిగి దీన్ని వదిలేస్తారు. ఈఆర్ టెక్ అనే పేరు ఒకటే గానీ ఒక్కో ఆస్పత్రిలో ఆ పేరు కింద చేసే పని వేరు. ఒక చోట ఐవీ (మందులు, సెలైన్ ఎక్కించడానికి నరంలోకి పెట్టే సన్నని గొట్టం) పెట్టనిస్తారు, రక్తం తీయనిస్తారు, స్ప్లింట్ (విరిగిన చోటు కదలకుండా ఉంచే కట్టు) కట్టనిస్తారు. ఇంకో చోట అదే జీతానికి బెడ్‌లు తుడవడం, స్కానింగ్‌కి స్ట్రెచర్ తోయడం, సామాను సర్దడం తప్ప చేతికి ఏ విద్యా రాదు. మందులు ఇచ్చే పని మాత్రం మామూలుగా టెక్‌లకు ఉండదు, అది నర్సుదే. కాబట్టి ఇంటర్వ్యూలో వాళ్లు మీరేమైనా అడగాలా అన్నప్పుడు ఈ రెండూ అడగండి: మీ టెక్‌లు ఐవీ పెడతారా, రక్తం తీస్తారా? నెలలో ఎన్ని షిఫ్టులు సిట్టర్‌గా కూర్చోబెడతారు? ఈ రెండింటికి వచ్చే జవాబుతో ఆ ఉద్యోగం ఏమిటో తేలిపోతుంది.

సిట్టర్ అంటే, తనకు తాను హాని చేసుకుంటారేమో అన్న అనుమానం ఉన్న పేషెంట్ గది గుమ్మంలో కుర్చీ వేసుకుని, కన్ను తిప్పకుండా చూస్తూ, పదిహేను నిమిషాలకోసారి కాగితం మీద రాస్తూ కూర్చోవడం. అవసరమైన పనే, కాదనను. కానీ ఉన్న టెక్‌లలో ఇద్దరిని సిట్టర్లుగా లాగేస్తే మిగిలిన ఒక్కరు ముప్పై గదులకు పరుగెత్తాలి, కూర్చున్నవాళ్లు ఏమీ నేర్చుకోరు, మిగిలినవాళ్లకు ఊపిరి సలపదు. టెక్‌లు ఉద్యోగం మానేయడానికి నేను చూసిన కారణాల్లో జీతం తర్వాత ఇదే.

మామూలు షిఫ్టులో పేరుకు తగ్గ పని అంటే మొదట ఈకేజీ, మన దగ్గర ఈసీజీ అనేది. ఛాతీలో నొప్పి అని ఎవరైనా కౌంటర్ దగ్గర అన్నారంటే, లోపలికి వచ్చిన పది నిమిషాల్లో ఈకేజీ తీసి డాక్టర్ చేతిలో పెట్టాలి. డాక్టర్ ఫోన్‌లో ఉన్నా సరే, ముందు కాగితం కళ్ల ముందు పెట్టాలి. యంత్రం ఎలాగూ గీస్తుంది కదా అనుకుంటారు గానీ అతికించే చోటే విద్యంతా. కొత్తవాళ్లు దాదాపు అందరూ మొదటి రెండు స్టిక్కర్లనూ పైకి పెట్టేస్తారు. అలా పెడితే ఎప్పుడో గుండెపోటు వచ్చి పోయినట్టు గీతలు పడే ప్రమాదం ఉంది. నేను నేర్పే పద్ధతి ఇది: గొంతు కింది గుంటలో వేలు పెట్టి రొమ్ము ఎముక మీదుగా కిందికి జార్చండి, కాస్త దూరంలో అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. దాని పక్కనున్నది రెండో పక్కటెముక, దాని కిందిది రెండో సందు. అక్కడి నుంచి ఇంకో రెండు సందులు దిగితే నాలుగోది, ఎముకకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. కంటితో అంచనా వేయకండి, వేలితో లెక్కపెట్టండి. లావుగా ఉన్న మనిషైనా ఆ గట్టు దొరుకుతుంది. ఇక ఆడవాళ్లకు తీసేటప్పుడు తెర వేసి, దుప్పటి కప్పి, ఏం చేయబోతున్నారో ముందే చెప్పి మొదలుపెట్టాలి. ఆ ఒక్క మాట చెప్పకపోతే వచ్చే ఫిర్యాదులు అన్నీ ఇన్నీ కావు.

రక్తం తీయడంలో మీ మైక్రోబయాలజీ మీకు కలిసొస్తుంది. ట్యూబులకు వరుస ఉంది: కల్చర్ బాటిళ్లు ముందు, తర్వాత మూత రంగును బట్టి లేత నీలం, ఎరుపు లేదా బంగారు రంగు, ఆకుపచ్చ, ఊదా, చివర బూడిద రంగు. ఊదా మూత ట్యూబులో ఉండేది పొటాషియం ఉన్న ఈడీటీఏ, రక్తం గడ్డకట్టకుండా ఉంచే రసాయనం. అది ముందు నింపి తర్వాత ఆకుపచ్చది నింపితే, ఇసుమంత అంటుకున్నా పొటాషియం లేనిపోనంత ఎక్కువగా, కాల్షియం తక్కువగా వస్తుంది. సన్నని ఐవీ నుంచి సిరంజితో గట్టిగా లాగినా కణాలు పగిలి అదే గోల, ల్యాబ్ ఫోన్ చేసి మళ్లీ పంపమంటుంది, పేషెంట్‌కి రెండో పోటు. లేబుల్ మాత్రం మంచం పక్కనే, పేరూ పుట్టిన తేదీ చేతి పట్టీతో సరిచూసి అతికించాలి. జేబులో వేసుకుని స్టేషన్ దగ్గరికి వచ్చి అతికించే అలవాటు కనపడితే మొదటి రోజే మాన్పిస్తాను.

గుండె ఆగిన పేషెంట్‌కి సీపీఆర్ చేయాల్సి వచ్చినప్పుడు ఛాతీ నొక్కేది ఎక్కువగా టెక్‌లే. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకు కనీసం రెండంగుళాల లోతు, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనిచ్చి, రెండు నిమిషాలకు మనిషి మారాలి. ఒడ్డూ పొడుగూ లేనివాళ్లు భయపడక్కర్లేదు, కాళ్ల కింద స్టూల్ వేసుకుంటే శరీరం బరువే పని చేస్తుంది. ఆ తర్వాత పేషెంట్ పోతే శరీరాన్ని శుభ్రం చేసి, కుటుంబం లోపలికి వచ్చే ముందు గదిని చూడదగ్గట్టు సర్దేది కూడా టెక్, నర్సు కలిసే. దీనికి ఎవరూ ముందుగా సిద్ధం చేయరు కాబట్టి చెబుతున్నాను.

మిగతావి గబగబా: స్ప్లింట్ కట్టడం (కట్టే ముందూ తర్వాతా వేళ్ల రంగు, స్పర్శ, కదలిక చూడాలి. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది కాబట్టి వేడినీళ్లలో ముంచితే చర్మం కాలుతుంది), గాయం కడగడం, చేతి కర్రలతో నడవడం నేర్పడం, మూత్రానికి క్యాథెటర్, షుగర్ చూడటం, బీపీ మళ్లీ మళ్లీ తీయడం, వాంతులు ఎత్తడం, బెడ్‌పాన్, ఖాళీ అయిన గదిని తుడిచి తర్వాతి పేషెంట్‌కి సిద్ధం చేయడం. అబద్ధం చెప్పను, రోజులో సగం ఈ చివరివే. ఇండియాలో డిగ్రీ చదివి వచ్చినవాళ్లలో కొందరికి బెడ్‌పాన్ దగ్గర మనసు ఒప్పదు. మీ మనసు ఒప్పుతుందో లేదో ఇప్పుడే తేల్చుకోండి, ఎందుకంటే నర్సింగ్‌లోనూ అది తప్పదు. తాగి వచ్చినవాళ్లు తిట్టడం, చేయి ఎత్తడం కూడా ఉంటుంది. గదిలోకి వెళ్లినప్పుడు తలుపు మీ వెనక ఉండేలా నిలబడటం అలవాటు చేసుకోండి, పేషెంట్ మీకూ తలుపుకూ మధ్య ఉండకూడదు.

తెలుగు వచ్చినందుకు మీకు ఒక అదనపు డ్యూటీ పడుతుంది, ఇది ఏ ఉద్యోగ ప్రకటనలోనూ ఉండదు. పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వచ్చిన అమ్మానాన్నలు ఎవరో ఒకరు ఛాతీనొప్పితోనో, పడిపోయో వస్తారు, వెంటనే మిమ్మల్ని పిలుస్తారు. ఒక పెద్దాయన నొప్పితో చెమటలు కక్కుతూ కూడా ముందు దీనికి ఎంతవుతుందమ్మా అని అడిగారు నన్ను. 1986 నాటి ఎమ్టాలా చట్టం ప్రకారం డబ్బు, ఇన్సూరెన్స్ సంగతి తేలేదాకా పరీక్ష ఆపకూడదని, ముందు చూస్తారని నెమ్మదిగా చెప్పాను. బిల్లు రాదని మాత్రం చెప్పలేదు, వస్తుంది కాబట్టి. ఇలా ధైర్యం చెప్పడం, మంచినీళ్లు అడిగితే ఎందుకు ఇవ్వడం లేదో చెప్పడం వరకూ తెలుగులో హాయిగా మాట్లాడండి. ఆపరేషన్‌కి అంగీకారం, వ్యాధి వివరాలు, మందుల వివరాలు వచ్చేసరికి ఆస్పత్రి తరఫున అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్ ఫోన్‌లోనో తెర మీదనో ఉండాలి. డాక్టర్ తొందరలో మీరే చెప్పేయండి అన్నా, ఇంటర్‌ప్రెటర్ లైన్ కలుపుతాను అనండి. మర్యాదగా అంటే ఎవరూ ఏమీ అనుకోరు.

చేరడానికి ఏం కావాలి అంటే, చాలా చోట్ల ఈఎంటీ సర్టిఫికెట్ గానీ నర్సింగ్ అసిస్టెంట్ సర్టిఫికెట్ గానీ అడుగుతారు, దానితో పాటు బీఎల్‌ఎస్ (సీపీఆర్ లాంటి ప్రాణరక్షణ పద్ధతులు నేర్చుకున్నట్టు ఇచ్చే) కార్డు, అది రెండేళ్లకోసారి కొత్తది తీసుకోవాలి. నేనైతే ఈఎంటీ చేయమంటాను. కమ్యూనిటీ కాలేజీలో ఒక సెమిస్టర్‌లో అయిపోతుంది, అంబులెన్స్‌లోనో ఈఆర్‌లోనో కొన్ని గంటలు పని చూసే అవకాశం అందులోనే ఉంటుంది, చివర నేషనల్ రిజిస్ట్రీ పరీక్ష. నర్సింగ్ అసిస్టెంట్ కోర్సు ఇంకా చిన్నది, చవక, కానీ దానితో ఈఆర్ కంటే వార్డుల్లోకే ఎక్కువ పిలుస్తారు. ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సు మీద కన్నుంటే టెక్ పని గంటలు పేషెంట్ కేర్ అనుభవం కింద లెక్కకొస్తాయి. ఇండియాలో ఎంబీబీఎస్ చేసి రెసిడెన్సీకి (ఇక్కడ డాక్టర్లు ఆస్పత్రిలో చేసే శిక్షణ) ప్రయత్నిస్తున్న వాళ్లు కూడా నన్ను ఇదే అడుగుతుంటారు, వాళ్లకు మాత్రం ఇది దారి కాదు. డాక్టర్ల పక్కన చేసే అబ్జర్వర్‌షిప్, ఎక్స్‌టర్న్‌షిప్‌లకు ఉన్న విలువ రెసిడెన్సీ వాళ్ల దగ్గర దీనికి ఉండదు.

వీసా సంగతి. ఈ ఉద్యోగానికి డిగ్రీ అవసరం లేదు కాబట్టి దీని మీద హెచ్1 రాదు, మీ ఈఏడీయే మీ ఆధారం. 2025 అక్టోబర్ 30న గానీ ఆ తర్వాత గానీ వేసిన రెన్యువల్‌కి ఇదివరకటిలా ఆటోమేటిక్ పొడిగింపు లేదు, కొత్త కార్డు రాకముందే పాతది ముగిస్తే ఆ రోజు నుంచి పని ఆపాలి. గడువుకు 180 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, ఒక్క వారం కూడా జాగు చేయకండి. మేనేజర్‌కి కూడా ముందే చెప్పి ఉంచితే షెడ్యూల్‌లో సర్దుతారు.

రక్తం, కళ్లు తిరగడం గురించి. దీనికి భయపడి ఆగిపోకండి. నేను నేర్పినవాళ్లలో మొదటి వారం గోడ పట్టుకుని కూర్చున్నవాళ్లు ఉన్నారు, వాళ్లే తర్వాత చీముపట్టిన కాలు పట్టుకుని డాక్టర్‌తో కబుర్లు చెప్పారు. మనిషిని పడేసేది రక్తం కంటే వాసనే, షుగర్ పేషెంట్ల కుళ్లిన పాదం విప్పినప్పుడు వచ్చేది. మాస్క్ లోపల కాస్త పుదీనా నూనె రాసుకుంటాం మేమంతా. కళ్లు బైర్లు కమ్ముతున్నాయని అనిపించగానే మొహమాటం లేకుండా ఉన్నచోటే కూర్చోండి, తొడలూ పొట్టా బిగబట్టండి, బీపీ పడిపోకుండా అది కాపాడుతుంది. ఖాళీ కడుపుతో షిఫ్టుకు రాకండి. సూది దగ్గరకు వచ్చేసరికి ప్రతిసారీ స్పృహ తప్పే మనిషైతే అది వేరే విషయం, ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

చివరిగా కాగితాలు, ఎందుకంటే మనవాళ్ల చేరిక ఎక్కువగా ఆగేది ఇక్కడే. టీబీ పరీక్ష అడుగుతారు. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నాం కాబట్టి చేతి మీద వేసే స్కిన్ టెస్ట్ మనకు ఉత్తపుణ్యానికి పాజిటివ్ చూపించే అవకాశం ఉంది, ఆ తర్వాత ఎక్స్‌రే, క్లియరెన్స్ అంటూ వారాలు గడుస్తాయి. మొదట్లోనే బీసీజీ వేయించుకున్నానని చెప్పి రక్తంతో చేసే ఇగ్రా టెస్ట్ అడగండి. మీజిల్స్, ఆటలమ్మ, హెపటైటిస్ బీ టీకాల కాగితాలు ఇండియాలో దొరకకపోతే రక్తంలో యాంటీబాడీలు చూసే టైటర్ పరీక్ష చేయించుకోవచ్చు. హెపటైటిస్ బీ మళ్లీ వేయించుకోవాల్సి వస్తే, మామూలు మూడు డోసుల టీకాకు ఆరు నెలలు పడుతుంది. ఈఎంటీ కోర్సులో చేరేటప్పుడు కూడా ఇవే అడుగుతారు కాబట్టి అప్లికేషన్ నింపకముందే ఈ రక్త పరీక్షలకు వెళ్లండి. మీరు ఏ రాష్ట్రంలో ఉన్నారో కింద రాస్తే అక్కడ టెక్‌లకు ఐవీ పెట్టనిస్తారో లేదో తెలిసినవాళ్లు ఎవరైనా చెబుతారు, టెక్సస్ అయితే నేనే చెబుతాను.